ఆట మధ్యలో ఇచ్చిన చెయ్యి

హెర్న్‌డన్, వర్జీనియా
ఆదివారం పొద్దున

అక్కయ్యకు విమల నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. చదివేసి పక్కన పెట్టు. అక్కడ నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? బావగారి షుగరు అదుపులో ఉందా, లేక పెళ్ళిభోజనాలకు వెళ్ళి మళ్ళీ కాజాల మీద పడ్డారా? నీ చెవి మిషను మార్పించుకో అక్కా. ఫోనులో నేను అరిస్తే తప్ప నీకు వినపడటం లేదు. ఈసారి చెప్పాల్సిన సంగతి అరిచి చెప్పేది కాదు. ఇక్కడివి చెక్కగోడల ఇళ్ళు, పక్కగదిలో అమ్మాయి ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టుకున్నాను.

మాధవి మోకాలికి ఆపరేషను అయిందనీ, చిన్నదేననీ ఫోనులో చెప్పాను కదా. చిన్నదే. కుట్లు మానిపోయాయి. కర్రల సాయంతో ఇంట్లో తిరుగుతోంది. నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు. నేను చెప్పనిది ఏమిటంటే, అది నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టనా అంటే ఊఁ అంటుంది. మందు వేసుకున్నావా అంటే తల ఊపుతుంది. అంతకు మించి ఒక్క మాట లేదు. నెల దాటింది. అల్లుడు శ్రీకాంత్ ఉద్యోగం సంగతి నీకు తెలుసు, సోమవారం తెల్లారకముందే విమానం ఎక్కితే మళ్ళీ గురువారం సాయంత్రమే రావడం. మిగిలిన రోజులన్నీ ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరం ఉన్న ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు.

దాని ఆట సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మీ చెల్లెలి కూతురు అమెరికా వెళ్ళి మంచు మీద చీపురుతో ఊడుస్తోందటగా అని మన రేపల్లెలో ఎవరో అంటే నువ్వు నొచ్చుకున్నావు. ఊడ్చేమాట నిజమే. దాన్ని కర్లింగ్ అంటారు. మంచుగడ్డ పరిచిన పొడుగాటి హాలు ఉంటుంది. ఒక చివర నుంచి, పిడి బిగించిన గ్రానైటు రాయిని జార్చి వదులుతారు. మన రుబ్బురోటి పొత్రం అంత ఉంటుంది, బరువు ఇంకా ఎక్కువ. రెండో చివర మంచు అడుగున రంగు వలయాలు వేసి ఉంటాయి. ఎవరి రాయి నడిమధ్యకు దగ్గరగా ఆగితే వాళ్ళకు పాయింటు. రాయి జారిపోతుంటే దాని ముందు మంచును బ్రష్షుతో గట్టిగా రుద్దుతారు. రుద్దితే రాయి ఇంకొంచెం దూరం పోతుంది, ఎక్కువ వంకర తిరగదు. చూడటానికి పిల్లలాటలాగా ఉంటుంది. ఆడితే నడుం విరుగుతుంది.

ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు కెనడా పక్కన ఉండే చలి రాష్ట్రంలో పడింది కదా, అక్కడే రూమ్మేటు తీసుకెళ్ళి నేర్పించిందట. ఐసుగడ్డ అంటే సోడాబండి మీద గోనెసంచి కింద చూసిన పిల్ల, దాని మీద నిలబడి ఆడటం నేర్చుకుంది. చాలాకాలం నాకు చెప్పలేదు. చదువు పక్కన పెట్టి ఆటలేమిటని తిడతానని భయమట. జీవితమంతా గర్ల్స్ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా విజిలు ఊదినదాన్ని, ఆట ఆడితే నేను తిడతానా! తిట్టేదాన్నే, అది వేరే సంగతి.

ఆడవాళ్ళ జట్టులో నలుగురుంటారు. మాధవిది అందులో కెప్టెను తర్వాతి స్థానం. ఉద్యోగం ఇక్కడ, క్లబ్బు నది అవతల మేరీల్యాండ్‌లో. ఆఫీసు అయ్యాక ఆ హైవే ట్రాఫిక్‌లో పడి వెళ్ళి, ఆడి, మళ్ళీ వచ్చి, మర్నాడు ఆఫీసుకు వెళ్ళేది. అలా ఎన్నో ఏళ్ళు. రెండుసార్లు దేశస్థాయి పోటీలదాకా వెళ్ళారు. ఒకసారి మూడో స్థానం వచ్చింది. ఆ ఫోటో హాల్లో పెట్టుకున్నారు. ముగ్గురు తెల్లమ్మాయిల పక్కన పొట్టిగా, నల్లగా, అందరికంటే ఎక్కువ నవ్వుతూ మన పిల్ల నిలబడి ఉంటుంది. నేను రోజూ దుమ్ము తుడిచేదాన్ని. ఇప్పుడు ఆ ఫోటో జోలికి వెళ్ళడం లేదు.

పోయిన ఏడాది ఆ జట్టు కెప్టెను క్యారెన్ ఒక సాయంత్రం ఇంటికి వచ్చింది. కాఫీ తాగి, కన్నీళ్ళు పెట్టుకుని, మాధవి స్థానంలో ఇంకో చిన్నమ్మాయిని తీసుకుంటున్నామని చెప్పింది. మాధవే ఆమెను ఓదార్చి కారు దాకా సాగనంపింది. తలుపు వేసుకుని వచ్చి స్టవ్వు తుడిచింది. తుడిచిన స్టవ్వునే మళ్ళీ తుడిచింది. నేను ఏమీ అడగలేదు. అడిగి ఉండాల్సిందేమో.

ఇక మిగిలింది మిక్స్‌డ్ డబుల్స్. అంటే ఒక మగ, ఒక ఆడ, ఇద్దరే. దాని జోడీ పాల్ అని, స్కూల్లో సైన్సు చెబుతాడు. తాటిచెట్టంత మనిషి, నెమ్మదస్తుడు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు, నేనూ మొదట్లో అదే అనుకున్నాను. రెండుసార్లు చూశాక సిగ్గేసింది. వాళ్ళిద్దరి మధ్య రాయి తప్ప వేరే మాట ఉండదు. నన్ను మాధవి పిలవడం విని అతనూ అమ్మా అనే పిలుస్తాడు. అది నా పేరనుకున్నాడో ఏమో, నేను సరిదిద్దలేదు. ఈ ఊళ్ళో నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఈ ఆటకు వేరే మర్యాదలున్నాయి అక్కా. నేను మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు అవతలివాళ్ళు రాయి గురి తప్పితే లేచి చప్పట్లు కొట్టాను. మన కబడ్డీలో ఎవరు కొట్టరు! హాలంతా నావైపు తిరిగింది. మాధవి ముఖం కందిపోయింది. కారులో చెప్పింది: "అమ్మా, ఇక్కడ ఎదుటివాళ్ళ మిస్టేక్‌కి క్లాప్ చేయరు. మంచి షాట్‌కి మాత్రమే, ఎవరు వేసినా సరే." ఇంకో మర్యాద కూడా ఉంది. ఇక గెలవలేమని తెలిస్తే చివరి రాయి దాకా సాగదీయరు. గ్లవ్ తీసి ఎదుటివాళ్ళకు చెయ్యి ఇస్తారు. అంతటితో ఆట అయిపోయినట్టే. ఆ తర్వాత గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, గెలిచినవాళ్ళు డ్రింకులు ఇప్పిస్తారు. ఆ కూర్చోవడం ఎగ్గొడితే తప్పుగా చూస్తారట. నాకు ఆ చెయ్యి ఇవ్వడం మాత్రం నచ్చలేదు. ఆట ఉండగా ఒప్పేసుకోవడమేమిటని దాంతో వాదించాను కూడా.

మార్చి నెల మొదట్లో పోటీలకు ఉత్తరాది రాష్ట్రానికి వెళ్ళాం. శ్రీకాంత్‌కు కుదరక నన్ను తోడు తీసుకెళ్ళింది. అక్కడి చలి నేనేం చెప్పను, ముక్కులోకి సూదులు దిగినట్టుంది. బస చేసిన మోటెల్‌లో తినడానికి చక్కెర పూసిన బ్రెడ్డు తప్ప ఏమీ లేదు. డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళబట్టి బతికాం. పాల్ కూడా తిన్నాడు, మిరపకాయ కొరికి నీళ్ళు తాగి మళ్ళీ పెట్టించుకున్నాడు. గెలుచుకుంటూ వచ్చారు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే దేశస్థాయి పోటీలు. వచ్చే ఏడు నుంచి ఆడలేనని, పిల్లలతో ఉండాలని పాల్ ముందే చెప్పేశాడు. క్యారెన్ జట్టు పోయింది, పాల్ పోతున్నాడు, మాధవికి ముప్ఫై ఆరు నిండాయి. ఇది కాకపోతే ఇంకేమీ లేదన్నమాట.

ఆ పొద్దున బాత్‌రూమ్ తలుపు ఓరగా ఉంటే చూశాను. తొట్టి అంచున కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. కాలు కుండలా వాచి ఉంది. రెండు మాత్రలు ఒకేసారి మింగింది. నన్ను చూసి, "పాల్‌కి చెప్పకమ్మా. ఈ ఒక్క గేమ్ అయిపోనీ. తర్వాత నువ్వు చెప్పిన డాక్టర్ దగ్గరికే వెళ్తా," అంది. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. పట్టీ వదులుగా చుట్టుకుంటే విప్పి నేనే గట్టిగా చుట్టాను.

ఆట మొదలయింది. ఈ జోడీల ఆటలో రాయి వదిలినవాళ్ళే లేచి పరిగెత్తి రుద్దుకోవాలి, మనుషులు తక్కువ కదా. మాధవి వంగి, ఒక మోకాలు ముడిచి, జారుతూ రాయి వదలడం చూస్తే నా కడుపు నిండేది. ఆ రోజు వదలడం బాగానే ఉంది. లేవడం బాగాలేదు. మంచు మీద చెయ్యి ఆనించి లేస్తోంది. చెయ్యి పెడితే వేడికి మంచు కరిగి మచ్చ పడుతుంది, రాయి అక్కడ తడబడుతుంది, పొరపాటున కూడా ఆనించకూడదని క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం ఇదే చెప్పేది. అలాంటి పిల్ల తనకు తెలియకుండానే ఆనిస్తోంది. చుట్టుపక్కల ఎవరికీ పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల మోకాళ్ళు చూసిన కళ్ళు నావి. ఈ కాలు ఇంకెంతోసేపు నిలవదని నాకు అర్థమయింది.

అయినా ఒక పాయింటు ముందున్నారు అక్కా! అంత కాలుతో కూడా.

సగం ఆట అయ్యాక కాసేపు విరామం ఇస్తారు. మాధవి కుంటకుండా నడవాలని జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్ళింది. పాల్ నీళ్ళ సీసా కోసం, చూసేవాళ్ళం కూర్చున్న అద్దాల గదిలోకి వచ్చాడు. నా పక్కన ఆగి, "అమ్మా, మాధవి కాలు బాగానే ఉందా? నాకేం చెప్పడం లేదు," అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ అడగడంలో ఏ ఎత్తూ లేదు. నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను చెప్పాను. మోకాలు బాగాలేదు, మాత్రలు మింగి ఆడుతోంది, దాన్ని కూర్చోబెట్టి ఇంకొకళ్ళను దింపు అని. నేను చేసే పనే అది అక్కా. కబడ్డీలోగానీ ఖోఖోలోగానీ ఎవరి కాలు మడతపడినా నేను విజిలు ఊది బయటికి లాగి, బెంచీ మీది పిల్లను పంపేదాన్ని. ఏడ్చినా వినేదాన్ని కాదు. పిల్ల దక్కుతుంది, ఆటా సాగుతుంది. ఇక్కడా అలాగే ఎవరో ఒకరు ఉంటారనుకున్నాను. జట్టన్నాక ఉండరా మరి?

పాల్ తాగబోయిన నీళ్ళు తాగలేదు. సీసా మూత పెట్టేసి వెళ్ళిపోయాడు.

మాధవి తిరిగి వచ్చాక ఇద్దరూ మంచు అంచున నిలబడి మాట్లాడుకున్నారు. అద్దంలో నుంచి మాటలు వినపడవు. ఇది తల అడ్డంగా ఊపుతోంది, అతను తల దించుకుని ఏదో చెబుతున్నాడు. ఒక్కసారి మాధవి తల తిప్పి అద్దం వైపు, నా వైపు చూసింది. ఆ చూపు నేను నీకు రాయలేను. అంతలో పాల్ గ్లవ్ తీశాడు. అవతలి జోడీ దగ్గరికి నడిచి వెళ్ళి చెయ్యి చాపాడు. వాళ్ళకు అర్థం కాలేదు. ముందున్నవాళ్ళు చెయ్యి ఇవ్వడమేమిటని ఆ అమ్మాయి బోర్డు వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. తర్వాత మాధవి కూడా గ్లవ్ తీసింది. వాళ్ళిద్దరికీ చెయ్యి ఇచ్చి, గుడ్ గేమ్ అని పెదవులు కదిపింది.

ఆ తర్వాత ఆనవాయితీ ప్రకారం వాళ్ళతో బల్ల దగ్గర కూర్చుంది. నవ్వుతూ మాట్లాడింది కూడా. నేను మూల కుర్చీలో, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాల్ నా దగ్గరికి వచ్చి, "మీరు చెప్పడం మంచిదయింది," అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కారులో కూర్చున్నాక మాధవి అంది: "అమ్మా, మిక్స్‌డ్ డబుల్స్‌లో సబ్‌స్టిట్యూట్ ఉండరు. ఇద్దరమే. ఒకళ్ళు దిగితే గేమ్ లేదు." కోపంగా కాదు, పాఠం చెప్పినట్టే చెప్పింది. ఆ తర్వాత ఇక మాట లేదు.

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. పరీక్షలన్నీ చూసి ఆవిడ ఏమందో తెలుసా? ఈ మోకాలు లోపల ఎప్పుడో అరిగిపోయింది, ఆపరేషను ఎలాగూ తప్పేది కాదు అంది. ఆ రోజు మిగతా సగం ఆడి ఉంటే ఇంకా చెడేదా అని నేనే అడిగాను, నోరు ఊరుకోక. కొత్తగా చెడటానికి పెద్దగా ఏం మిగల్లేదు అంది. మాధవి గోడ మీది ఎముకల బొమ్మ చూస్తూ కూర్చుంది. ఇక ఆ ఆట ఆడకూడదని కూడా డాక్టరు చెప్పింది. అది మాధవికి ముందే తెలిసినట్టుంది.

నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను అక్కా. కాలు వాచిన పిల్లను ఆడనివ్వను, రాసిస్తాను కావాలంటే. కానీ ఆపడానికి నేనెవరు? అది నా స్కూలు పిల్ల కాదు. తల నెరవడం మొదలయిన మనిషి. తన కాలు, తన ఆట. ఈ రెండూ నాలో రోజూ దెబ్బలాడుకుంటున్నాయి. ఒకటి గెలవదు, రెండోది చెయ్యి ఇవ్వదు.

చెప్పుకోవడానికి ఎవరూ లేరు. సాయంత్రాలు ఇక్కడి తెలుగు పెద్దవాళ్ళం కొందరం కాలిబాట మీద నడుస్తాం. అక్కడ రాష్ట్రం రెండయినప్పటి నుంచి ఇక్కడి వాకింగ్ కూడా రెండు గుంపులయింది. ఒక గుంపులో వీసాల గోల, ఇంకో గుంపులో రాజధాని గోల. మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదని ఎవరితో అంటాను? ఏప్రిల్ వచ్చినా చలి వదల్లేదు. చెట్లు ఎండిపోయినట్టే ఉన్నాయి. చిగురు వస్తుందంటున్నారు. నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది. గోంగూర ఇక్కడ దొరుకుతుంది, అందులో పులుపే ఉండదు. నిద్ర పట్టినప్పుడు పడుతుంది. నా గురించి బెంగ పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను.

మన వీధి చివర వైద్యుడుగారింట్లో నొప్పుల తైలం కాచేవారు కదా, ఒక సీసా కట్టించి ఉంచు. గుంటూరు నుంచి శ్రీకాంత్ స్నేహితుడి తల్లిదండ్రులు వస్తున్నారు, వాళ్ళకు అందిస్తే చాలు. మాధవికి వేరే ఒక కార్డు రాయి. పెద్దమ్మ రాసిందంటే చదువుతుంది. నా సంగతి మాత్రం ఎత్తకు. నువ్వు ప్రతి ఫోనులోనూ అడిగే ఆ పిల్లల ప్రశ్న కూడా ఎత్తకు.

బుధవారం మధ్యాహ్నం

ఉత్తరం ఇంకా పోస్టులో వెయ్యలేదు. ఇంకొంచెం రాయాల్సి వచ్చింది.

మోకాలు వంగడానికి రోజూ వ్యాయామం చేయించాలి. వారానికి రెండుసార్లు ఒకమ్మాయి వచ్చి చేయిస్తుంది, మిగతా రోజులు నేను. మాట్లాడకపోయినా కాలు మాత్రం నాకు ఇస్తుంది. ఈ పొద్దున హాల్లో చాప మీద పడుకోబెట్టి, మడమ నా అరచేతిలో పెట్టుకుని మెల్లగా వంచుతున్నాను. నొప్పికి పళ్ళు బిగించి పైకప్పు చూస్తోంది. ఉన్నట్టుండి అడిగింది: "అమ్మా, నువ్వు మొత్తం చూశావు కదా. కంటిన్యూ చేసి ఉంటే గెలిచేవాళ్ళమా?"

నెలకు పైగా ఈ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. వచ్చిన మాట ఇది.

లేదమ్మా, ఓడిపోయేవాళ్ళే అంటే అయిపోయేది. దానికీ నాకూ కూడా. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ అది అడిగింది తల్లిని కాదు, ఆటలు తెలిసిన మనిషిని. నేను ఆ రోజు చూసింది చూసినట్టు గుర్తుంది. అవతలి అబ్బాయి వేగం అంచనా తప్పి రాళ్ళన్నీ వలయాలు దాటించేస్తున్నాడు. ఆ అమ్మాయి ప్రతి రాయికీ ముందు అతన్ని విసుక్కుంటోంది. వాళ్ళ జోడీ అప్పటికే విడిపోయింది. మాధవి ఒంటికాలి మీద కూడా తడబడకుండా రాళ్ళు నిలబెడుతోంది.

"గెలిచేవాళ్ళు," అన్నాను.

"ష్యూరా?"

"ష్యూరే."

కళ్ళ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "నువ్వు లేదంటావనుకున్నా. నా కోసం అబద్ధం చెప్తావనుకున్నా," అంది. అని ఏడ్చింది. క్యారెన్ వచ్చిన రోజు ఏడవలేదు, చెయ్యి ఇచ్చిన రోజు ఏడవలేదు, డాక్టరు దగ్గర ఏడవలేదు. అవన్నీ కలిపి ఇప్పుడు ఏడ్చింది. దాని కాలు నా చేతిలో ఉంది, వదిలి తల దగ్గరికి వెళ్దామంటే మడమ కింద పడితే నొప్పి. అలాగే పట్టుకుని కూర్చున్నాను. నేనూ ఏడ్చాను.

గెలిచే ఆటను ఆపాను అక్కా. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

బావగారికి నా నమస్కారాలు. మీ కోడలికీ పిల్లలకూ ఆశీస్సులు. నువ్వు పెద్దదానివి, పొద్దున దీపం పెట్టేటప్పుడు దాన్ని తలుచుకుని ఒక దీవెన పంపు. నాకు వద్దు, దానికే.

నీ చెల్లెలు
విమల